సవరల పంతులు – గిడుగు రామమూర్తి

విజయనగరానికి సుమారు 12 కిలోమీటర్ల దూరంలో రామతీర్థం అనే ప్రసిద్ధ పుణ్యక్షేత్రం ఉంది. అక్కడ కొలువైన కోదండరాముని దర్శనానికి ఉత్తరాంధ్ర ప్రజలు తరతరాలుగా వస్తూనే ఉన్నారు. ఆ ఆలయానికి చేరువలో గురుభక్తులకొండ, బోధికొండ, దుర్గకొండ అనే కొండలున్నాయి. గురుభక్తులకొండ మీద బౌద్ధుల స్తూపాలు, చైత్యాలు, విహారాల శిథిలాలు నేటికీ కనిపిస్తాయి. తక్కిన కొండలపై జైన శిల్పాలున్నాయి. ఒకప్పుడు ఆ విహారాలలో భిక్షువులు వర్షాకాలమంతా నిలిచి అధ్యయనం చేసేవారు, చుట్టుపక్కల ప్రజలకు ధర్మం బోధించేవారు. బుద్ధుడు తన బోధను పండితుల భాషకు పరిమితం చేయలేదు. ఏ ప్రాంతపు జనులకు ఆ ప్రాంతపు పలుకుబడిలోనే చెప్పడం ఆయన మార్గం. తెలియని భాషలో చెప్పిన జ్ఞానం చెవిని తాకుతుందే గాని మనసును చేరదు. ఈ సత్యాన్ని ఆ కొండల నీడలో విహారాలు వెలసిన పదిహేను వందల ఏళ్ళకు పైగా గడిచిన తరువాత, అదే సీమలో చదువుకొన్న ఒక బడిపంతులు మళ్ళీ తన జీవితంతో నిరూపించాడు. ఆయనే గిడుగు వేంకట రామమూర్తి. వాడుక భాషోద్యమ పితామహుడిగా తెలుగువారందరూ ఆయనను ఎరుగుదురు. కాని అంతకు ముందే ఆయన కొండకోనల్లోని సవరలకు వారి భాషలోనే అక్షరాలు నేర్పిన గురువు. ఆ కథ తెలిసినవారు తక్కువ.

రామమూర్తి 1863 ఆగస్టు 29వ తేదీన, వంశధారా నదీతీరాన శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపంలో ఉన్న పర్వతాలపేట గ్రామంలో జన్మించాడు. తల్లి వెంకమ్మ, తండ్రి వీర్రాజు. ప్రపంచ చరిత్రలో ఆ సంవత్సరానికి ఒక ప్రత్యేకత ఉంది. ఆ ఏడు జనవరి 1వ తేదీననే అమెరికా అధ్యక్షుడు అబ్రహాం లింకన్, తిరుగుబాటు చేసిన దక్షిణాది రాష్ట్రాలలోని బానిసలు ఇకపై స్వతంత్రులని ప్రకటించాడు. మన దేశంలో అంతకు 20 ఏళ్ళ ముందే, 1843లో, బానిసపై యజమానికి గల హక్కును న్యాయస్థానాలు గుర్తించరాదని చట్టం వచ్చింది. అయితే చట్టం వచ్చినంత మాత్రాన సంకెళ్ళు రాలిపోవు. ఇనుప గొలుసు లేకపోయినా అప్పు అనే గొలుసు, అజ్ఞానం అనే గొలుసు మనిషిని కట్టివేయగలవు. రామమూర్తి పుట్టిన ఊరికి కనుచూపు మేరలో ఉన్న కొండలమీద అటువంటి గొలుసులు ఎన్నో ఉండేవి.

తండ్రి వీర్రాజు విజయనగర సంస్థానంలో రెవెన్యూ ఉద్యోగి. ప్రాథమిక విద్య ఊరిలోనే సాగింది. తండ్రికి చోడవరం బదిలీ అయింది. అక్కడ విషజ్వరం సోకి 1875లో ఆయన కన్నుమూశాడు. అప్పటికి రామమూర్తికి పన్నెండేళ్ళు. ఇంటికి పెద్దదిక్కు పోయింది. బంధువుల ఆదరణతో ఆ బాలుడు విజయనగరం చేరి మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చదువు కొనసాగించాడు. అక్కడ ఆయనకు సహాధ్యాయిగా దొరికినవాడు గురజాడ అప్పారావు. ఆ ఇద్దరు విద్యార్థులు తరువాతి కాలంలో తెలుగు భాషకు కొత్త దారి వేస్తారని అప్పుడు ఎవరూ ఊహించి ఉండరు. 1879లో రామమూర్తి మెట్రిక్యులేషన్ పరీక్షలో ఉత్తీర్ణుడయ్యాడు. పైచదువులు చదవాలని ఉన్నా కుటుంబభారం మీద పడింది. తండ్రి నెరవేర్చవలసిన బాధ్యతలను తలకెత్తుకొని, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరాడు. జీతం నెలకు ముప్పై రూపాయలు.

పర్లాకిమిడి నాడు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేది. అది తెలుగు, ఒడియా భాషలు కలిసి వినిపించే పట్టణం. దానిని ఆనుకొని మహేంద్రగిరి పర్వతశ్రేణి. పాఠశాలలో రామమూర్తి చరిత్ర బోధించేవాడు. బోధిస్తూనే తానూ విద్యార్థిగా మిగిలాడు. ప్రైవేటుగా చదివి ఎఫ్.ఏ., ఆ తరువాత 1896లో బి.ఏ. పూర్తిచేశాడు. చరిత్ర పాఠం చెప్పేవాడికి పుస్తకంలోని చరిత్ర ఒక్కటే చాలదని భావించి, శ్రీముఖలింగం గుడిగోడలపై ఉన్న శాసనాలను చదవడానికి పూనుకొన్నాడు. నేర్పేవారు లేరు. పాత లిపుల పట్టికలు ఎదుట పెట్టుకొని, ఒక్కొక్క అక్షరాన్నే పోల్చుకొంటూ ఆ లిపిని స్వయంగా నేర్చుకొన్నాడు. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం శ్రీముఖలింగమేనని నిరూపించడానికి ప్రయత్నించాడు. నడగాంలో దొరికిన వజ్రహస్తుని తామ్రశాసనాన్ని పరిష్కరించి ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రకటించాడు. మూగగా పడి ఉన్న రాతిచేత మాట్లాడించగల ఓపిక ఆయనకు అప్పుడే అలవడింది. ఆ ఓపికే తరువాత మరొక గొప్ప కార్యానికి ఉపకరించింది.

పర్లాకిమిడి సంతకు కొండల మీది నుండి సవరలు దిగివచ్చేవారు. చింతపండు, పసుపు, కందులు వంటి కొండపంటలు తెచ్చి, ఉప్పు, బట్ట, పొగాకు కొనుక్కొని పోయేవారు. సవరలు అతి ప్రాచీనమైన జాతి. ఐతరేయ బ్రాహ్మణంలో, రామాయణ మహాభారతాలలో శబరుల ప్రసక్తి ఉంది. రామునికి ఆతిథ్యమిచ్చిన శబరి ఆ పేరుతోనే ప్రసిద్ధురాలు. పోడు వ్యవసాయంతో పాటు, నిట్టనిలువు కొండవాలును మెట్లు మెట్లుగా మలచి, రాళ్ళతో గట్లు కట్టి, సెలయేటి నీటిని ఒక మడి నుండి మరొక మడికి మళ్ళించి వరి పండించడంలో వారు నేర్పరులు. ఇంతటి నేర్పు గలవారు సంతకు వచ్చేసరికి నిస్సహాయులయ్యేవారు. తూకం తెలియదు, లెక్క తెలియదు, ఎదుటివాడి భాష తెలియదు. సవరకు, వ్యాపారికి మధ్య ఒక దళారి నిలిచేవాడు. సవర ఏమి అడిగాడో, వ్యాపారి ఏమి ఇచ్చాడో ఆ దళారి చెప్పిందే మాట. అప్పు తీసుకొంటే పత్రంలో ఎంత రాశారో చదవలేడు. తీర్చితే ఎంత తీరిందో తెలుసుకోలేడు. కచేరీకి పోతే అక్కడి అధికారితో తన గోడు తానే చెప్పుకోలేడు.

ఇటువంటి అప్పుల పర్యవసానం ఎంత ఘోరంగా ఉండేదో మన్యం చరిత్ర చెబుతుంది. అప్పు తీర్చలేనివాడు షావుకారు ఇంటనో పొలంలోనో కూలి లేకుండా చాకిరి చేయడానికి ఒప్పుకొనేవాడు. దానిని కొన్ని ప్రాంతాలలో గొత్తి అనేవారు. అతని శ్రమ వడ్డీకే చాలదు. అసలు అలాగే నిలిచి ఉంటుంది. తండ్రి చేసిన అప్పుకు కొడుకు, కొడుకు తరువాత మనుమడు వెట్టికి పోవలసి వచ్చేది. సంతలో వేలంవేసి అమ్మితేనే మనిషి బానిస అవుతాడనుకోవడం పొరపాటు. తాను ఏ కాగితానికి కట్టుబడి ఉన్నాడో ఆ కాగితాన్ని చదవలేనివాడు కూడా ఒక విధమైన బానిసే.

పర్లాకిమిడి బడిలో చదువుచెప్పే రామమూర్తిని ఈ విషయం కలచివేసింది. సవర పిల్లలకు చదువు చెప్పాలని ఆయన నిశ్చయించుకొన్నాడు. అయితే ఏ భాషలో చెప్పాలి? వారికి తెలుగు రాదు, ఒడియా రాదు. ఇంగ్లీషు మాట అసలే లేదు. తెలుగులో చెబితే పిల్లవాడు ముందు ఒక పరాయి భాషతో కుస్తీపట్టాలి. ఆ తరువాతే చదువు. ఆలోగా బడి మాని అడవికి పారిపోతాడు. ఇక మిగిలింది ఒకటే మార్గం. గురువే శిష్యుని భాష నేర్చుకోవాలి. 1892 ప్రాంతంలో రామమూర్తి ఆ మార్గాన్ని ఎంచుకొన్నాడు.

తెలుగు, సవర రెండూ తెలిసిన ఒక వ్యక్తిని తన ఇంటిలోనే ఉంచుకొని, ఆయన వద్ద పాఠం ప్రారంభించాడు. ఆనాటి సంఘస్థితిని తలచుకొంటే ఇది చిన్న విషయం కాదు. అగ్రవర్ణానికి చెందిన ఒక పంతులు, లోకం అనాగరికమని తీసిపారేసిన భాషను శ్రద్ధతో అభ్యసించడం చాలామందికి వింతగా తోచింది. పైగా ఆ భాష నేర్చుకోవడం సులభమూ కాదు. తెలుగు ద్రావిడ భాష. సవర ముండా కుటుంబానికి చెందిన భాష. రెండింటికీ పోలిక లేదు. సవరకు లిపి లేదు, వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు. గొంతులో శ్వాసను చటుక్కున ఆపి పలికే ధ్వనులు ఆ భాషలో ఉన్నాయి. తెలుగు చెవికి అవి వినిపించినట్లే ఉండి జారిపోతాయి. ఆ చిన్న విరామాన్ని పట్టుకోకపోతే మాటకు మాటే మారిపోతుంది. రామమూర్తి విన్న ప్రతి మాటను కాగితం మీద పెట్టాడు, తిరిగి పలికి సరిచూసుకొన్నాడు. అర్థాన్ని ఒక సందర్భంలో కాక పది సందర్భాలలో పరీక్షించాడు. భాషాశాస్త్రమనే పేరు మన విద్యాలయాలలో వినిపించక ముందే, ఏ విశ్వవిద్యాలయమూ నేర్పకుండానే, ఆయన ఆ శాస్త్ర పద్ధతిని అనుసరించాడు.

భాష కొంత పట్టుబడిన తరువాత ఇంటిలో కూర్చోలేదు. సెలవు దొరికినప్పుడల్లా కొండలెక్కి సవర గూడేలకు వెళ్ళాడు. అక్కడ బండ్లు పోయే బాటలు లేవు. కాలినడకనే ఊరూరా తిరిగాడు. వారి పండుగలు చూశాడు, పాటలు విన్నాడు, కథలు రాసుకొన్నాడు. కొండమనిషిని చూసి జాలిపడేవారు లోకంలో ఉంటారు. అతని నుండి నేర్చుకొనేవారు అరుదు. సవరలు మొదట అనుమానించి ఉంటే ఆశ్చర్యం లేదు. మైదానం నుండి వచ్చే ప్రతి మనిషీ ఏదో ఒకటి తీసుకొనిపోవడానికే వస్తాడన్నది వారి అనుభవం. ఈ పంతులు మాత్రం వారి మాటనే అడిగాడు. దానిని పుస్తకంగా చేసి తిరిగి వారికే ఇచ్చాడు.

సవర మాటలను తెలుగు లిపిలో రాసి ఆయన వాచకాలు తయారుచేశాడు. సవరల కథలనూ పాటలనూ సేకరించాడు. సొంత డబ్బుతో సవర పల్లెలలో బడులు పెట్టాడు. సవర భాషలో చదువు చెప్పగల ఉపాధ్యాయులను సిద్ధంచేసి, వారి జీతాలు తానే చెల్లించాడు. పెద్ద సంసారం మోస్తున్న ఒక ఉపాధ్యాయుడు చేసిన పని ఇది. ఆ బడిలో కూర్చొన్న పిల్లవాడికి మొదటిసారిగా ఒక విశేషం కనిపించింది. ఇంట్లో అమ్మ పలికే మాటే పలకమీద కనిపించింది. తన భాషకు అక్షరం ఉంది, తన మాటకు విలువ ఉంది అని తెలుసుకోవడమే స్వాతంత్ర్యానికి తొలిమెట్టు.

విద్యకూ విముక్తికీ గల ఈ సంబంధాన్ని తెలుసుకోవడానికి అదే కాలంలో అమెరికాలో ముగిసిన మరొక మహనీయుని జీవితాన్ని తలచుకోవాలి. ఆయన ఫ్రెడరిక్ డగ్లస్. మేరీలాండ్ రాష్ట్రంలో 1818 ప్రాంతంలో ఒక నల్లజాతి బానిస స్త్రీకి జన్మించాడు. పుట్టిన తేదీ ఆయనకే తెలియదు. బానిస పిల్లల పుట్టినరోజులు పశువుల పుట్టినరోజులవలెనే ఎవరూ గుర్తుంచుకొనేవారు కారు. ఎనిమిదేళ్ళ ప్రాయంలో బాల్టిమోర్ నగరంలో ఒక ఇంటికి పనికి పంపారు. ఆ ఇంటి ఇల్లాలు దయతో అక్షరాలు నేర్పడం మొదలుపెట్టింది. ఆ సంగతి తెలిసిన యజమాని వెంటనే మాన్పించాడు. చదువు వచ్చిన బానిస ఇక బానిసగా పనికిరాడని ఆయన భయం. ఆ నిషేధమే బాలునికి దారి చూపించింది. తనను కట్టివేసిన తాళానికి చెవి ఏదో యజమాని నోటనే తెలిసింది. వీధిలో ఆడుకొనే పేద తెల్లపిల్లలకు రొట్టెముక్కలిచ్చి, బదులుగా అక్షరాలు నేర్చుకొన్నాడు. ఓడలు కట్టేచోట దూలాలపై వడ్రంగులు రాసిన గుర్తులు చూసి రాత నేర్చుకొన్నాడు. యుక్తవయసులో ఆదివారాలలో తోటి బానిసలను రహస్యంగా సమావేశపరచి చదువు చెప్పాడు. పట్టుబడితే కొరడాదెబ్బలు తప్పవని ఆ శిష్యులకూ తెలుసు. అయినా వచ్చారు. 1838లో ఆయన బానిసత్వం నుండి తప్పించుకొన్నాడు. 1845లో తన జీవితకథను గ్రంథంగా ప్రకటించాడు. బానిస తన కథ తానే రాయడం బానిసత్వాన్ని సమర్థించేవారికి పెద్ద ఎదురుదెబ్బ అయింది. నేడు ఎన్నో దేశాలలో విద్యార్థులు ఆ పుస్తకాన్ని పాఠంగా చదువుతున్నారు. 1895లో డగ్లస్ మరణించేనాటికి పర్లాకిమిడిలో రామమూర్తి సవర మాటలను ఒక్కొక్కటే కాగితం మీదికి ఎక్కిస్తున్నాడు.

ఈ ఇద్దరూ ఒకరినొకరు ఎరుగరు. ఒకడు బంధితుడై అక్షరాన్ని దొంగిలించి తెచ్చుకొన్నవాడు. మరొకడు అక్షరసంపన్నుడై బంధితుల వద్దకు దానిని మోసుకొనిపోయినవాడు. అమెరికాలోని కొన్ని రాష్ట్రాలలో బానిసకు చదువు చెప్పడమే నేరమని చట్టాలు ఉండేవి. మన మన్యంలో అటువంటి చట్టమేదీ లేదు. కాని బడి లేకపోవడం, ఉన్న బడిలో అర్థంకాని భాష ఉండడం ఆ చట్టం చేసే పనినే చేశాయి. తలుపు మూసివేయడం ఒక పద్ధతి, తలుపు తెరిచి ఉంచి లోపలికి రాలేనంత ఎత్తున గడప కట్టడం మరొక పద్ధతి. రామమూర్తి జీవితమంతా ఆ గడపను తగ్గించడానికే పాటుపడ్డాడు.

ఆ శ్రమకు ఆయన పెద్ద మూల్యమే చెల్లించాడు. మన్యం దోమలకు, చలిజ్వరాలకు ఆలవాలం. కొండలు తిరిగిన పంతులును మలేరియా పట్టుకొంది. నాడు దానికి తెలిసిన మందు క్వినైను ఒక్కటే. ఆ మందు జ్వరాన్ని తగ్గించింది గాని, దాని ప్రభావంవల్ల క్రమంగా ఆయనకు చెవుడు వచ్చింది. ఇతరులెవరూ లెక్కచేయని ధ్వనులను వినడానికే బయలుదేరిన మనిషి తన వినికిడినే పోగొట్టుకొన్నాడు. అంతటి నష్టం జరిగినా కొండల దారి విడువలేదు, సవర నిఘంటువు పని ఆపలేదు.

సవరల బడి రామమూర్తికి మరొక పాఠం కూడా నేర్పిందని భావించవచ్చు. 1907లో ఉత్తర సర్కారు జిల్లాల పాఠశాలల తనిఖీ అధికారిగా జె.ఏ. యేట్స్ వచ్చాడు. తెలుగు పిల్లలు మాట్లాడే భాషకూ, పుస్తకాలలో చదివే భాషకూ ఇంత దూరమెందుకని ఆయన ఆరా తీశాడు. విశాఖపట్నంలోని ఏ.వి.ఎన్. కళాశాల ప్రధానాచార్యుడు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, గురజాడ, గిడుగు ఈ ప్రశ్నను పట్టించుకొన్నారు. సవర పిల్లవాడికి తెలుగు ఎలా పరాయిదో, తెలుగు పిల్లవాడికి శతాబ్దాల నాటి గ్రాంథిక రూపాలు అలాగే పరాయివి. తన భాషలోనే తాను తప్పులు రాస్తున్నానని భయపడుతూ పెరిగే విద్యార్థికి ఆలోచన ఎలా సాగుతుంది? ఆ భయం నుండి విద్యార్థిని విడిపించడమే వ్యావహారిక భాషోద్యమానికి మూలం. స్వీట్, యెస్పర్సన్ వంటి పాశ్చాత్య భాషావేత్తల రచనలను చదివి, జీవద్భాషే బోధనకు తగినదన్న నిశ్చయానికి రామమూర్తి వచ్చాడు. 1911లో ఉద్యోగ విరమణ చేసి తన సమయమంతా ఈ పోరాటానికే వినియోగించాడు.

ఆ పోరాటం సుఖంగా సాగలేదు. జయంతి రామయ్య పంతులు వంటి ఉద్దండులు గ్రాంథిక పక్షాన నిలిచారు. పరీక్షలలో వ్యావహారికానికి లభించిన కొద్దిపాటి అవకాశం నిలువలేదు. 1914లో గురజాడ తన అసమ్మతి పత్రాన్ని మద్రాసు విశ్వవిద్యాలయానికి సమర్పించాడు. మరుసటి ఏడాది, 1915 నవంబరులో, ఆ బాల్యమిత్రుడు మరణించాడు. రామమూర్తి ఒంటరివాడయ్యాడు. అయినా ఊరూరా సభలలో ప్రసంగించాడు. ప్రాచీన గ్రంథాలను సంచిలో మోసుకొనిపోయి, పూర్వకవులూ పండితులూ వాడుకరూపాలను ఎక్కడెక్కడ ఉపయోగించారో చూపించాడు. ప్రతిపక్షులు ఏమంటున్నారో వినిపించకపోయినా, వారు రాసి చూపిన ప్రశ్నకు సప్రమాణంగా సమాధానం చెప్పగలిగేవాడు. 1919లో కందుకూరి వీరేశలింగం అధ్యక్షుడిగా రాజమహేంద్రవరంలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. అదే ఏడు రామమూర్తి తెలుగు అనే మాసపత్రికను నడిపాడు. 1924లో కాకినాడలోని ఆంధ్ర సాహిత్య పరిషత్తు వ్యావహారికంపై ఉన్న నిషేధాన్ని తొలగించింది. ఆ తరువాత పత్రికలు, కథలు, నవలలు క్రమంగా ఆ దారినే నడిచాయి.

తెలుగు కోసం ఇంత పోరాడుతున్నా సవరను ఆయన మరువలేదు. ఎడ్గార్ థర్స్టన్ 1909లో ప్రకటించిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథంలో సవరలను గురించిన సమాచారంలో ఎక్కువ భాగం రామమూర్తి అందించినదే. సవరలకు చేసిన సేవను గుర్తించి ప్రభుత్వం 1913లో బిరుదు ఇచ్చింది. మూడున్నర దశాబ్దాల పరిశ్రమ ఫలితంగా రూపొందిన సవర వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువును 1938లో ముద్రించింది. ఆ పనిలో కుమారుడు గిడుగు సీతాపతి ఆయనకు తోడ్పడ్డాడు. 1938లోనే ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదుతో సత్కరించింది.

జీవిత చరమాంకంలో ఆయనకు ఒక పెద్ద దుఃఖం ఎదురైంది. ప్రత్యేక ఒరిస్సా రాష్ట్రం ఏర్పాటు చర్చకు వచ్చినప్పుడు, తెలుగువారు అధికంగా ఉన్న పర్లాకిమిడి ప్రాంతాన్ని అందులో కలపరాదని రామమూర్తి వాదించాడు. ఆయన ఒడియా భాషకు వ్యతిరేకి కాడు. బడిలో పిల్లవాడి భాష, కచేరీలో పౌరుని భాష ఒకటిగా ఉండాలన్నదే ఆయన పట్టుదల. ఆ వాదం నెగ్గలేదు. పర్లాకిమిడిలో ఎక్కువ భాగం ఒరిస్సాలో కలిసింది. 1936 ఏప్రిల్ 1న కొత్త రాష్ట్రం అవతరించిన నాడే, యాభై ఆరేళ్ళు నివసించిన ఆ ఊరిని విడిచి, డెబ్బై మూడవ ఏట రాజమహేంద్రవరం వెళ్ళిపోయాడు. తాను జీతంకోసం చేరి జీవితమంతా అర్పించిన ఊరిని అలా విడవడం ఆ వృద్ధునికి ఎంత కష్టమై ఉంటుందో ఊహించుకోవచ్చు.

1940 జనవరి 15న మద్రాసులో పత్రికా సంపాదకులను కలుసుకొని, ప్రజల భాషను విడువవద్దని ఆయన తన చివరి విన్నపం చేశాడు. ఆ తరువాత వారానికే, జనవరి 22న, కన్నుమూశాడు. అదే 1940లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ ప్రాంతాలలో అప్పువల్ల ఏర్పడే వెట్టిని అదుపుచేసే నిబంధనను తెచ్చింది. అంతకు ముందు 1917లో ఏజెన్సీ ప్రాంతాలలో వడ్డీని, భూముల బదిలీని నియంత్రించే చట్టం వచ్చింది. స్వాతంత్ర్యానంతరం 1976లో దేశమంతటికీ వెట్టిచాకిరి నిర్మూలన చట్టం వచ్చింది. ఇన్ని చట్టాలు ఎందుకు అవసరమయ్యాయి? ఒక్క చట్టంతో పని తీరలేదు కనుకనే. కాగితం మీది హక్కు, కాగితం చదవగలిగినవానికే చేరువలో ఉంటుంది. అదే సమయంలో చదువు ఒక్కటే అన్నం పెట్టదు, పోయిన భూమిని తెచ్చిపెట్టదు. చట్టమూ కావాలి, భూమీ కావాలి. కాని ఆ రెండింటినీ అడిగి నిలబెట్టుకొనే ధైర్యం చదువువల్ల వస్తుంది. రామమూర్తి చేసిన పనికి గల విలువ అదే.

ఆయన నాటిన విత్తనం వృథా కాలేదు. 1936లో మంగయ్ గొమాంగో అనే సవర పెద్ద తమ భాషకు ప్రత్యేక లిపిని రూపొందించాడు. 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సవరతో సహా ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక బోధనను ప్రయోగాత్మకంగా ప్రారంభించింది. నూరేళ్ళకు పూర్వం ఒక పంతులు తన జీతపుడబ్బుతో ఒంటరిగా చేసిన ప్రయత్నం ప్రభుత్వ విధానంగా మారడానికి అంతకాలం పట్టింది. ఆయన జన్మదినమైన ఆగస్టు 29ని మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాం. ఆ రోజున మన భాషను మనం గౌరవించుకోవడంతో పాటు, మన పక్కనున్న చిన్న భాషలను గౌరవించడం కూడా నేర్చుకొంటేనే ఆ ఉత్సవం సార్థకమవుతుంది.

రామతీర్థం కొండమీది విహారాలలో నేడు గురువులూ లేరు, శిష్యులూ లేరు. ఇటుక గోడలు మాత్రమే మిగిలాయి. కాని ఆ కొండకు ప్రజలు పెట్టుకొన్న గురుభక్తులకొండ అనే పేరు చెరిగిపోలేదు. శిష్యుడు గురువును సేవించడం లోకంలో ఎక్కడైనా ఉన్నదే. గిడుగు రామమూర్తి జీవితంలో ఆ సంబంధం తిరగబడింది. ఆయన ముందుగా తన శిష్యులకే శిష్యుడయ్యాడు. వారి పలుకును వారి వద్దనే నేర్చి, దానికి అక్షరరూపమిచ్చి, ఆ అక్షరాన్ని వారి చేతిలోనే పెట్టాడు.